శరభయ్య పానా

రాజోలు దాటి సముద్రం వైపు పోయే దారిలో, పోటుకాలవ గట్టు మీద బుచ్చిరాజు గారి పాత కొబ్బరి గోదాం ఒకటి ఉండేది. పగలల్లా దాని నీడన మేకలు పడుకునేవి, అరుగు మీద పేకాట సాగేది. దీపాలవేళ అయ్యిందా — మేకల మాట సరే, ఎంత ముక్క కలిసొస్తున్నవాడైనా ఆట కట్టిపెట్టి లేచిపోయేవాడు.

చీకటి పడ్డాక ఆ గట్టు మీద పోవలసి వస్తే, సైకిలు బెల్లు ఆపకుండా కొట్టుకుంటూ, గోదాం వైపు తల తిప్పకుండా పోయేవారు. ఎందుకంటే... అమావాస్య రాత్రుల్లో, బయట తాళం వేసిన ఆ గోదాంలోంచి సుత్తి చప్పుడు వినిపించేది.

టక్... టక్... టక్...

లోపల మనిషన్నవాడు లేడు. ఉన్నదల్లా కొబ్బరి గుట్టలు, ఒక కారు, ఆ కారు కింద ఒక గొయ్యి. అంతకు పదేళ్ళ కిందట ఆ కారు బాగుచేస్తూ, రాజోలు కమ్మరి శరభయ్య ఆ గోతిలోనే చనిపోయాడు.

నీళ్ళలో మునిగి చనిపోయాడు. గోతిలో మాత్రం చెంబుడు నీళ్ళు లేవు.

డెబ్భై తొమ్మిదో సంవత్సరం వేసవిలో, అంబాజీపేట లారీ మేస్త్రీ నతానియేలు ఆ గోతిలోకి దిగాడు. నాకీ సంగతి చెప్పినవాళ్ళు అతని నోటంట విన్నవాళ్ళే. వాళ్ళలో ఇద్దరు చెబుతూ చెబుతూ వెనక్కి తిరిగి చూసుకున్నారు కాబట్టి, నేను కూడా కొంత నమ్ముతాను.

ముందు ఆ కారు గురించి చెప్పాలి.

బుచ్చిరాజు గారి తండ్రి దాన్ని మద్రాసులో ఓ దొర దగ్గర కొన్నాడు. ఎర్రగా, పొట్టిగా, నేలకి అంటుకుపోయినట్టు ఉంటుంది. రెండే సీట్లు. పైన గుడ్డ టాపు వెనక్కి మడిచెయ్యొచ్చు. ఆ దొర దాన్ని పందేలకి తోలేవాడట. మనవాళ్ళ చేతిలో పడ్డాక దానికి మిగిలింది ఒకటే ఉద్యోగం — పెళ్ళి ఊరేగింపు.

పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ సీట్లలో కూర్చుంటే ఊళ్ళోవాళ్ళకి ఏం కనిపిస్తారు? అందుకని వెనక డిక్కీ మీద పరుపు వేసి కూర్చోబెట్టేవారు. వాళ్ళ పక్కన తోడుపెళ్ళికూతురు. వెనకాల బ్యాటరీ పెట్టె ఒళ్ళో పెట్టుకుని లైట్ల మనిషి. బంపరు మీద నలుగురైదుగురు బావమరుదులు. ఇద్దరితో గాలిలా పోవడానికి పుట్టిన బండి, తొమ్మిది పదిమందిని నడ్డి మీద పెట్టుకుని సన్నాయి వెనకాల నడిచేది.

నడ్డి వంగక ఏమవుతుంది!

ఆ వేసవిలో అదే అయ్యింది. ఓ ఊరేగింపులో కల్వర్టు ఎక్కుతుండగా కారు వెనక ఎడం వైపు కూలబడింది. బండి బరువు మోసే కమాను కట్టలో మూడు ఇనప పట్టీలు వెనక్కి తిరిగిపోయాయి. కమానుని ఇరుసుకి పట్టి ఉంచే ఇనప పలక వంగిపోయింది. అక్కడి నుంచి కారు తిన్నగా పోవడం మానేసి, ఎండ్రకాయలా పక్కకి నడవడం మొదలుపెట్టింది.

వారం తిరిగితే బుచ్చిరాజు గారి అమ్మాయి పెళ్ళి. రాజోలు, అమలాపురం మేస్త్రీలు ఒక్కొక్కరే వచ్చి, "ఏ గోతిలోనండీ?" అని అడిగి, తెలుసుకుని, నడుం నొప్పని ఒకరూ, మరదలి కాన్పని ఒకరూ వెళ్ళిపోయారు. నతానియేలు మాత్రం సరేనన్నాడు. ఎవరూ చెయ్యనన్న పని చేసి చూపించాలన్న సరదా అతనికి కాస్త ఎక్కువ.

వంగిన సామాను విప్పి, అంబాజీపేట తీసుకుపోయి, కొలిమిలో కాల్చి, కుడివైపు పట్టీలు పక్కన పెట్టుకుని వాటి వంపుకి వచ్చేదాకా కొట్టాడు. పలక తిన్నగా చేశాడు. అన్నీ తిరిగి బిగించడానికి వచ్చేసరికి ఎల్లుండి పెళ్ళి, ఆవేళ అమావాస్య.

గోదాం కాపలా గంగయ్య పెద్దవాడు. ఆ సాయంత్రం గోతి అంచున గొంతుక్కూర్చుని సామాను అందిస్తున్నాడు.

"పానా!" అని కారు కింద నుంచి నతానియేలు చెయ్యి చాపాడు. మరుక్షణం, "అబ్బా!" అన్నాడు.

"ఏమైందండీ?"

"నోరు ముందు పెట్టి ఇస్తారేంటండీ బాబాయిగారూ! వేలు చీరుకుపోయింది. గోతిలో ఉన్నోడికి కళ్ళు చేతిలోనే ఉంటాయండి. పిడి ముందు ఇవ్వాలి. మా షెడ్డులో ఎవడు చేరినా మొదటిరోజు నేర్పేది అదేనండి."

"ఆయ్," అన్నాడు గంగయ్య. తర్వాతది కూడా నోరు ముందు పెట్టే ఇచ్చాడు. అతని బుద్ధి పానా మీద లేదు, గుమ్మం మీదుంది. గుమ్మంలో ఎండ ఎర్రబడుతోంది.

"మేస్త్రీగారూ, మిగతాది రేపు చేసుకుందురూ. ఇయ్యాళ అమావాస్యండి."

"రేపు చేస్తే ఎల్లుండి అమ్మాయిగారిని మీ భుజాల మీద ఊరేగిస్తారాండీ? బిగించాలి, తోలి చూడాలి, మళ్ళీ బిగించాలి."

"శరభయ్య కూడా ఇదే మాటన్నాడండి..." గంగయ్య గొంతు తగ్గిపోయింది. "అప్పుడూ ఇదే ఎడం పక్కేనండి. తెల్లారి తలుపు తీసింది నేనే. కారు ఒరిగిపోయి గోతి మీద కూచుంది. కింద ఆయన. కుడిచెయ్యి కమాను కాడ ఇరుక్కుపోయుంది. ఎడంచెయ్యి మటుకు... ఇదుగో, ఇలాగ, అంచు మీదకి చాపి ఉందండి. ఎవరినో ఏదో ఇమ్మని అడుగుతున్నట్టు."

నతానియేలు పని ఆపాడు.

"బట్టలు తడండి. జుట్టు తడండి. డాక్టరుగారు చూసి నీళ్ళలో మునిగి పోయేడన్నారు. నీళ్ళేవండీ అని చూస్తే... బురద. ఉత్త బురద. తాగి చచ్చేడని కొందరన్నారు. తాగినోడు ఇప్పటికీ సుత్తి ఎందుకు కొడుతున్నాడండీ?"

"నేను ఆదివారం తప్పకుండా గుడికెళ్ళేవాణ్ణండి. నా దగ్గర ఆయన పప్పులుడకవులెండి."

"మీ ఇష్టం. నేను తాళం వేసుకుని పోతానండి."

"నన్ను లోపల పెట్టా?"

"రాజుగారి కొబ్బరుందండి లోపల. పైగా..." గంగయ్య ఇంకా దగ్గరికి వంగాడు. "ఆయన బయటకొస్తే ఊరి మీద పడతాడు కదండీ."

"అంటే ఆయన్నీ నన్నూ కలిపి తాళం వేస్తారన్నమాట!"

"ఆయ్," అన్నాడు గంగయ్య, ఎంతో మర్యాదగా.

తాళం పడిన చప్పుడు వినిపించింది. గంగయ్య చెప్పుల చప్పుడు గట్టు మీద కాసేపు నడిచి, తర్వాత పరుగెత్తింది. నతానియేలు నవ్వుకుని లాంతరు వత్తి పెంచాడు.

గొయ్యి గుండెలెత్తు లోతు, సన్నం, పొడుగు. చుట్టూ ఇటుక కట్టడం. దిగే మెట్లు ఎదర, ఇంజను కింద ఉన్నాయి. పని వెనకాల, పెట్రోలు ట్యాంకు కింద. కూర్చోడానికి గోతిలో పాత కొబ్బరి మొద్దు ఒకటి ఉంది. ఎడం వైపు అంచు ఇటుకలు ఊడిపోతే, అక్కడ తాటి దుంగ వేసి దాని మీద చక్రం నిలబెట్టారు.

అడుగున బురద. వేసవిలో, కాలవలు కట్టేసిన రోజుల్లో బురదెందుకుందో అతను ఆలోచించలేదు. అంబాజీపేట మనిషికి కొబ్బరి గురించి తెలిసినంత సముద్రం గురించి తెలీదు.

అతన్ని విసిగిస్తున్నది నట్లు. ఇంగ్లీషు కారు, ఇంగ్లీషు కొలతలు. లారీ పానాల్లో ఒకటి వదులుగా ఉంటుంది, దాని కింది సైజు ఎక్కనే ఎక్కదు. వదులు పానా నోట్లో రంపం బ్లేడు ముక్క ఇరికించి, ఓ చేత్తో ముక్క నొక్కిపెట్టి, రెండో చేత్తో తిప్పాలి. పలకకి నాలుగు నట్లు. మూడు వేళ్ళతో ఎక్కించి వదిలాడు. నాలుగోది అలా అవస్థపడి బిగించేశాడు.

అప్పుడు అనుమానం వచ్చింది — కమాను మధ్యలో ఉండే మేకు, ఇరుసు బెజ్జంలో సరిగ్గా కూర్చుందా? లాంతరు వెలుగు అక్కడికి పోదు. మేస్త్రీ అన్నవాడు అలాంటప్పుడు ఏం చేస్తాడో అదే చేశాడు. కమానుకీ ఇరుసుకీ మధ్య సందులో కుడిచెయ్యి పెట్టి, వేలితో తడిమి చూశాడు.

తాటి దుంగ జరిగింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. ఇటుకలు నాలుగు బురదలో పడ్డాయి. చక్రం గోతి గోడ మీంచి జారింది. జాకీ పక్కకి తన్నేసింది. కారు వెనకభాగమంతా నిదానంగా... ఎవరో కూర్చున్నట్టుగా... గోతి మీద కూర్చుంది.

కళ్ళు తెరిచేసరికి ట్యాంకు తలకి తగులుతోంది. గోతి నోటికి కారే మూత. కుడిచెయ్యి రాలేదు.

లాగాడు. రాలేదు. వేళ్ళు కదులుతున్నాయి కాబట్టి ఎముక విరగలేదు, కానీ మణికట్టు దగ్గర కమాను కొరికి పట్టుకుంది. పలక నట్లు విప్పితే కమాను కిందకి దిగుతుంది, చెయ్యి వదులుతుంది. ఎడం చేత్తో తడిమి మూడు నట్లూ వేళ్ళతోనే విప్పేశాడు. నాలుగోది... తన చేత్తో తనే బిగించిన ఆ ఒక్క నట్టు... పట్టుకుంది.

ఒక్క నట్టు. నిమ్మకాయంత లేదు. దానికీ తనకీ మధ్య ప్రాణం ఉంది.

"గంగయ్యగారూ!" అని అరిచాడు. గోదాం అరుపుని కొబ్బరి గుట్టల్లో కుక్కేసింది.

సరే, తెల్లారేదాకా ఇలాగే ఉంటే పోలా, అనుకున్నాడు. అమ్మాయిగారి పెళ్ళి కారు సంగతేమో గానీ మనిషినైతే బతికే ఉంటాను. ఇంటికెళ్ళి భార్య సువార్తమ్మకి చెబితే, "ఎవరూ చెయ్యనన్నది నీకెందుకూ" అని వారం రోజులు వాయిస్తుంది. ఆ వాయింపు తల్చుకుంటే ధైర్యం వచ్చింది.

అప్పుడు పాదాలకి చల్లగా తగిలింది.

కిందకి చూశాడు. గోడ వారన మేకుకి వేలాడుతున్న లాంతరు వెలుగులో బురద మెరుస్తోంది. గోతి మూల ఎండ్రకాయల బొరియలు. ఒక బొరియలోంచి బుడగ వచ్చింది. బుడుంగ్... ఇంకోదాంట్లోంచి ఇంకోటి. ఎండ్రకాయలు ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చి గోడ ఎక్కుతున్నాయి. వాటి వెనకాల నీళ్ళు.

చీలమండ దాకా వచ్చాయి. పిక్క దాకా వచ్చాయి. చప్పుడు లేదు, తొందర లేదు. ఎడం చేత్తో కాసిని తీసి నాలిక మీద వేసుకున్నాడు.

ఉప్పు.

సముద్రం! అమావాస్య పోటు కాలవలోకి ఎక్కి, బొరియల్లోంచి గోతిలోకి వస్తోంది. తెల్లారేసరికి పాటులో వెనక్కి తీసేస్తుంది. చూసేవాళ్ళకి ఉత్త బురద మిగులుతుంది. పదేళ్ళుగా భయపడి ఎవరూ రాత్రి ఈ తలుపు తియ్యలేదు. తియ్యలేదు కాబట్టి ఈ నీళ్ళు ఎవరికీ తెలీలేదు.

శరభయ్యని దెయ్యం ముంచలేదు. తాగుడు ముంచలేదు. ఇక్కడే, ఇలాగే నిలబడి, నీళ్ళు మోకాలికి వచ్చినప్పుడు అతనూ లెక్క వేసుకుని ఉంటాడు... ఇంకెంతసేపని. నతానియేలుకి ముందు జాలి వేసింది. తర్వాత తనూ అదే లెక్క మొదలుపెట్టాడు.

తన పానా! కారు దిగినప్పుడు కిందే పడింది. కాలితో బురద కెలికాడు. దొరికింది. బొటనవేలితో పట్టి ఎత్తి, ఎడంచేతికి అందుకుని, నట్టుకి తగిలించాడు. తిప్పితే గిర్రున జారింది. బ్లేడు ముక్క లేదు. ఉన్నా, నొక్కిపెట్టే రెండో చెయ్యి లేదు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ జారింది. జారినప్పుడల్లా నట్టు మూల అరిగిపోతోంది. అయిదోసారి పానా చేతిలోంచి ఎగిరి ఎక్కడో నీళ్ళలో పడింది.

నీళ్ళు నడుం దాటాయి.

బయట గట్టు మీద... సైకిలు బెల్లు.

"బాబూ! ఎవరండీ! గోదాంలో ఉన్నానండీ! తలుపు తియ్యండి బాబూ!"

బెల్లు ఆగింది. నతానియేలు ఊపిరి బిగపట్టాడు.

"గోతిలో ఇరుక్కుపోయేనండీ! రక్షించండి!"

సైకిలు కిందపడిన చప్పుడు. మళ్ళీ లేచిన చప్పుడు. తర్వాత ఆ బెల్లు, ఎవరో తరుముతున్నట్టు, కాలవ మలుపు దాటి వినిపించకుండా పోయింది. రేపు పొద్దున్న ఊరంతా చెప్పుకుంటారు — శరభయ్య రాత్రి నోరు తెరిచి పిలిచేడని. నతానియేలుకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

లాంతరు అడుగున నీళ్ళు తగిలాయి. సుయ్... మంది. చీకటి.

ఆ చీకట్లో, చెవి పక్కనే —

టక్...

అటు తల తిప్పాడు.

టక్... టక్...

చెయ్యి చాపాడు. తడిగా, గరుకుగా, గుండ్రంగా ఏదో తగిలింది. కూర్చునే కొబ్బరి మొద్దు. నీళ్ళకి పైకి తేలి ట్యాంకుకి కొట్టుకుంటోంది. పదేళ్ళుగా ఊరిని పరిగెత్తించిన సుత్తి అదే. తెలిసి మాత్రం ఏం లాభం? నీళ్ళు గడ్డం తాకాయి.

తల వెనక్కి వాల్చి ముక్కు ట్యాంకుకి ఆనించాడు. ప్రార్థన మొదలుపెట్టాడు గానీ మాటలు కలిసిపోయాయి. భార్య పేరూ, దేవుడి పేరూ, ఆ దిక్కుమాలిన నట్టూ. మణికట్టు ఇంకోసారి లాగాడు, ప్రాణం పోయేలా. రాలేదు. నోట్లోకి ఉప్పునీళ్ళు వచ్చాయి. ఉమ్మాడు.

అప్పుడు అతని నోటి నుంచి వచ్చిన మాట అతనే అనుకోలేదు. పాతికేళ్ళ షెడ్డు అలవాటు కావచ్చు. ఎడంచెయ్యి నీళ్ళలో చాపి, అరచెయ్యి తెరిచి —

"శరభయ్యగారూ... మీరే ఉంటే... పానా అందించండి బాబూ," అన్నాడు.

మొద్దు చప్పుడు ఆగిపోయింది.

అరచేతిలో ఇనప పిడి పడింది.

ఆలోచించే వ్యవధి లేదు. వేళ్ళు మూసుకున్నాయి. ఊపిరి పీల్చి ముక్కు కూడా నీళ్ళలో ముంచేసి, పానా నట్టు దగ్గరికి తెచ్చాడు. అది నట్టు మీద కూర్చుంది. వదులు లేదు, బిగువు లేదు, ఆ నట్టుతో పాటే పుట్టినట్టుగా పట్టింది. తిప్పాడు. పావు చుట్టు. తీసి, మళ్ళీ పెట్టి, ఇంకో పావు. చెవుల్లో హోరు. ఇంకో పావు...

కమాను దిగింది.

కుడిచెయ్యి ఎలా లాక్కున్నాడో, గోతి పొడుగునా ఎలా పాకాడో, మెట్లకి తల ఎన్నిసార్లు కొట్టుకుందో అతనికి తెలీదు. పైకొచ్చి తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు. ఎడంచేతి గుప్పిట తెరుచుకోలేదు. వెనకాల, కారు కింద, మళ్ళీ మొదలైంది.

టక్... టక్... టక్...

అది మొద్దే. మొద్దేనని తనకి తెలుసు. అయినా తెల్లారేదాకా అటు తిరగలేదు.

పొద్దున్నే గంగయ్య తాళం తీశాడు. తలుపుకి ఆనుకున్న మనిషి, ఒళ్ళంతా బురదతో, అతని కాళ్ళ మీద వెల్లకిలా పడ్డాడు. "శరభయ్యా! నీకు దణ్ణం! నేనేం చేసేనయ్యా!" అంటూ గంగయ్య తీసిన పరుగు బుచ్చిరాజు గారి వాకిట్లో ఆగింది.

రాజుగారు పదిమందిని వెంటబెట్టుకుని వచ్చారు. నతానియేలు వాపెక్కిన చేత్తోనే అన్నీ చూపించాడు. గోడ మీద నీటి చార ఇంకా ఆరలేదు. బొరియల్లో నీళ్ళు గుటకలేస్తూ దిగిపోతున్నాయి. లాంతరు బుడ్డిలో ఉప్పునీళ్ళు. మొద్దు ఓ మూల బురదలో ఒరిగి ఉంది. దాని పక్కనే, మూతి అరిగిన తన లారీ పానా.

"అయితే పదేళ్ళూ మనం భయపడింది పోటుకన్నమాట!" అన్నారు రాజుగారు, ఊపిరి వదిలి. వెనకాల ఒకడు నవ్వాడు. ఆ నవ్వు అందుకుని అందరూ నవ్వారు. పాపం, సైకిలాయన మాత్రం రెండు రోజులు జ్వరంతో మంచం దిగలేదట.

ఎడంచేతిలో దొరికిన పానా గురించి నతానియేలు ఎవరికీ ఏమీ చెప్పలేదు. పాతది, చేత్తో కొట్టి చేసినది. పిడి మీద ఉలితో చెక్కిన చిన్న శూలం గుర్తు. శరభయ్య చివరి రాత్రి బురదలో జారవిడిచిందే అయి ఉంటుంది, నీళ్ళ కదలికకి పైకొచ్చి ఉంటుంది, అనుకున్నాడు. ఇనుము నీళ్ళ కదలికకి ఎలా పైకొస్తుందని మనసు అడిగితే, నోరు ముయ్యమన్నాడు.

ఆ పానాతోనే పని పూర్తిచేశాడు. నాలుగు నట్లూ చెప్పినమాట విన్నాయి. వెనక చక్రం నుంచి ముందు చక్రానికి దారం పట్టి చూస్తే రెండు పక్కలా ఒక్కలాగే తగిలింది. పెళ్ళినాడు బంపరెక్కబోయిన బావమరుదుల్ని తనే దగ్గరుండి దింపేశాడు.

మర్నాడు రాజోలు వెళ్ళి శరభయ్య భార్య ఇల్లు కనుక్కున్నాడు.

వీరలక్ష్మి గారు వాకిట్లో కూర్చుని కొబ్బరిపీచు తాడు పేనుతోంది. పక్కన కొలిమి పాక, తలుపుకి తడిక కట్టేసి ఉంది. దెయ్యం పట్టి పోయినవాడి ఇల్లని పదేళ్ళుగా ఆ వాకిట్లో కొలిమి అద్దెకి అడగడానికి కూడా ఎవరూ అడుగు పెట్టలేదు.

నతానియేలు చెప్పాడు. పోటు గురించి, బొరియల గురించి, మొద్దు గురించి. ఆవిడ తాడు పేనడం ఆపకుండా విన్నది. చివరికి మాత్రం చేతులు ఆగాయి.

"తాగి పడిపోలేదన్నమాట."

"లేదండి పిన్నిగారూ. చెయ్యి ఇరుక్కుందండి. అంతే."

"ఆయన చుక్క ముట్టరని నేను చెబితే ఒక్కరూ వినలేదు బాబూ." కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు ఏడ్చింది. అది పదేళ్ళ ఏడుపు.

ఆవిడ తేరుకున్నాక, గుడ్డలో చుట్టి తెచ్చిన పానా తీసి ముందు పెట్టాడు. "ఇది ఆయనదేనాండీ? గోతిలో పడిపోయినట్టుందండి. దీనివల్లే బతికేను."

వీరలక్ష్మి గారు పానా చేతిలోకి తీసుకుంది. శూలం గుర్తు మీద బొటనవేలు రాసింది.

"ఇది గోతిలో పడలేదు నాయనా."

"ఆయ్?"

"కారు మడ్‌గార్డు మీద పెట్టుకుని మర్చిపోయేరు. ఆయన చాపిన చేతికి మూరెడు దూరంలో దొరికింది. అందించే మనిషి లేక పోయేరు." పానా ఒళ్ళో పెట్టుకుంది. "ఊళ్ళోవాళ్ళు తెచ్చి నా చేతికిచ్చేరు. చూస్తూ ఇంట్లో ఉంచుకోలేకపోయేను. అస్థికలతో పాటు పడవెక్కి, నడి గోదాట్లో నా చేత్తో నేనే వదిలేను."

ఎండలో కూర్చున్న నతానియేలుకి చెమట చల్లబడింది.

"రెండు... రెండు చేసి ఉంటారండి."

"ఒకటే. ఆ కారు ఒక్కదాని కోసమే కొట్టేరు. తిత్తి ఊదింది నేనే."

ఆవిడ పానా తిప్పి తిప్పి చూసి, నెమ్మదిగా అడిగింది.

"నీ చేతికి ఎలా వచ్చింది బాబూ? నోరు ముందా, పిడి ముందా?"

నతానియేలు ఎడం అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు.

"పిడి ముందండీ," అన్నాడు.

వీరలక్ష్మి గారు పానాని కొంగుతో తుడిచి, లేచి, కొలిమి పాక తడిక విప్పడానికి వెళ్ళింది.

"ఆయన ఎప్పుడూ అలాగే ఇచ్చేవారు," అంది.